మాంగా నుంచి సినిమాకు: ఏ కథకు ఏ దారి?

నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ లఘుచిత్రాలు తీస్తున్న యువతీయువకులతో కూర్చున్నప్పుడు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న వింటున్నాను. తాము ఫోనులో చదివి, పాత్రల పేర్లన్నీ కంఠస్థం చేసుకున్న జపాన్ బొమ్మల కథను, అంటే మాంగాను, నిజమైన మనుషులతో, నిజమైన ఊళ్లలో సినిమాగా తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ఆ ప్రశ్న. అడిగేవారిలో ఎక్కువమంది అప్పటికే కథానాయకుడి జుట్టు రంగు గురించి, కత్తి ఎక్కడ చేయించాలన్న దాని గురించి ఆలోచించి వస్తారు. ఆ ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను. అయితే దుస్తులు, ఆయుధాలు చివర తేలవలసిన సంగతులు. ముందుగా తేలవలసింది ఆ మాంగా ఆయువుపట్టు ఎక్కడుందన్న విషయం. అది తెలిస్తే ఉన్నదున్నట్టు తీయాలా, మన నేలకు మార్చుకోవాలా, సినిమాగా తీయాలా, సిరీస్‌గా తీయాలా, లేక దానిని వదిలి సొంత కథ రాసుకోవాలా అన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ఆయువుపట్టు అన్న మాటను కొంచెం వివరించాలి. మనకు చేర్యాల పటాలు తెలుసు. కథ చెప్పే కళాకారుడు పొడవాటి పటాన్ని ఒక్కో గడిగా విప్పుతూ, ఆ గడిలోని బొమ్మను చూపిస్తూ పాడతాడు. బొమ్మ కదలదు, గొంతు కదులుతుంది. మాంగాలో ఆ గొంతు కూడా లేదు, కదిలేది చదువరి కన్ను ఒక్కటే. కుడి నుంచి ఎడమకు నడిచే ఆ గడుల మీద చదువరి తన ఇష్టం వచ్చినంతసేపు ఆగవచ్చు, వెనక్కి వెళ్లవచ్చు, ఒక పేజీ మొత్తం ఆక్రమించిన ముఖాన్ని నిమిషంపాటు చూస్తూ ఉండిపోవచ్చు. సినిమా ఆ స్వేచ్ఛను చదువరి చేతిలోనుంచి తీసుకుని కాలాన్ని తానే నడుపుతుంది. అందుకే కాగితం మీద అద్భుతంగా ఉన్న క్షణం తెరమీద రెండు సెకన్లలో జారిపోతుంది. కాగితం మీద అర గడిలో ముగిసిన చిన్న కదలికే కొన్నిసార్లు తెరమీద గొప్ప సన్నివేశమవుతుంది. మాంగాను నిలబెడుతున్నది బొమ్మ గీతలోని శక్తా, పాత్ర శరీరం చేసే పనా, కథలో ఉన్న ఒక ప్రశ్నా, ఇద్దరు మనుషుల మధ్య బంధమా అన్నది విడదీసి చూడకపోతే, ఈ మార్పిడిలో ఏది పోతుందో, ఏది మిగులుతుందో ముందుగా అంచనా వేయలేము.

దీనికి నేను సూచించే పరీక్ష చాలా సులభమైనది. పుస్తకం మూసి, బొమ్మలు చూపకుండా, మాంగా అంటే ఏమిటో తెలియని ఇంటి పెద్దలలో ఒకరికి ఆ కథను నోటితో చెప్పండి. వారు మధ్యలో ‘తర్వాత ఏమైంది బిడ్డా?’ అని అడిగితే ఆ కథ బొమ్మ లేకుండా కూడా నిలుస్తుందని అర్థం. మీరే మాటలు ఆపి ‘అది చూస్తేనే తెలుస్తది అవ్వా’ అనవలసి వస్తే, ఆ కథ ప్రాణం గీతలో ఉందని అర్థం. రెండో రకం మాంగాలు తక్కువవి కావు. అవి నిజమైన నటులతో తీసే లైవ్ యాక్షన్‌కు లొంగవు, అంతే.

ఉన్నదున్నట్టు తీయడం

కాలం, దేశం, పేర్లు, వేషం అన్నీ మూలంలో ఉన్నట్టే ఉంచి తీయడం మొదటి దారి. ఈ దారిలో బాగా కుదిరిన ఉదాహరణ ‘రురౌనీ కెన్షిన్’. నొబుహిరో వాత్సుకి రాసి గీసిన ఈ మాంగా 1994 నుంచి 1999 వరకు వారపత్రికలో వచ్చి, 28 సంపుటాలైంది. కేషి ఒతోమో దర్శకత్వంలో 2012లో మొదటి సినిమా, 2014లో రెండు, 2021లో మరో రెండు వచ్చాయి. విప్లవకాలంలో ఎందరినో చంపిన ఒక ఖడ్గవీరుడు, కొత్త యుగం వచ్చిన తరువాత ఇక ఎవరినీ చంపనని ఒట్టు పెట్టుకుని, పదును లోపలివైపు ఉన్న కత్తితో దేశం తిరుగుతుంటాడు. కథ 1878లో జరుగుతుంది.

ఈ సినిమాలు ఎందుకు కుదిరాయో చూడండి. దర్శకుడు మాంగాలోని ప్రతి గడినీ తెరమీద పెట్టలేదు. మొదటి సినిమాలోనే, మూలంలో వేర్వేరుగా నడిచే నల్లమందు వ్యాపారి కథనూ, హంతకుడు జినె కథనూ ఒకే దారంలో అల్లాడు. మాంగాలో నిప్పులా కనిపించే ఎర్రజుట్టును మసకబార్చి, దుస్తులకు దుమ్మూ మరకలూ పట్టించి, పాత్రలను ఆ కాలంలో బతికిన మనుషులుగా చూపించాడు. అన్నింటికంటే ముఖ్యమైనది పోరాటాలు. కెంజి తనిగాకి రూపొందించిన ఆ పోరాటాలలో నటుడు తకేరు సాతో శరీరం నిజంగా పరుగెడుతుంది, వంగుతుంది, జారుతుంది. మాంగా గడిలో గీతల ద్వారా సూచించిన వేగాన్ని శరీరం ద్వారా తిరిగి పుట్టించారు. అంటే ఆ మాంగా ఆయువుపట్టు శరీరం చేసే పనిలో ఉందని గుర్తించి, డబ్బూ కాలమూ శ్రమా అక్కడ పెట్టారు.

అదే దారిలో నడిచినా తడబడిన సినిమాలు ఉన్నాయి. 2017లో వచ్చిన ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ జపాన్ సినిమాలో యూరప్‌ను పోలిన లోకాన్నీ, ఆ రకం పేర్లనూ అలాగే ఉంచి, పాత్రలన్నీ జపాన్ నటులతో వేయించారు. కొంత భాగం ఇటలీలో చిత్రీకరించారు. బొమ్మలో ఏ జాతి మనిషో పట్టించుకోని కన్ను, తెరమీద నిజమైన ముఖం కనిపించగానే ఆ విగ్గునూ, ఆ పేరునూ పొసగని విషయాలుగా చూస్తుంది. తెలుగు నటుడికి పసుపుపచ్చ విగ్గు పెట్టి, జపాన్ పేరు పెట్టి, దేవరకొండ కోటలో నిలబెడితే ఇంతకంటే పెద్ద చిక్కు వస్తుంది. కోట గోడల రాయి, వెనుక కనిపించే తాటిచెట్లు, నటుడి ఉచ్చారణ అన్నీ కలిసి ప్రేక్షకుడికి అది వేషమేనని ప్రతి క్షణం గుర్తుచేస్తాయి. కాబట్టి ఉన్నదున్నట్టు తీసే దారిని మన ప్రాంతపు దర్శకులకు నేను సిఫారసు చేయను. ఆ దారి నుంచి నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది. మూలానికి విధేయత అంటే గడిని నకలు చేయడం అని ‘కెన్షిన్’ తీసినవాళ్లు అనుకోలేదు, గడి ఏ అనుభూతిని ఇచ్చిందో దానిని ఇంకో సాధనంతో ఇవ్వడం అని అనుకున్నారు.

మన నేలకు మార్చుకోవడం

నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించే దారి ఇదే. కథను ఒక నేలనుంచి ఇంకో నేలకు మార్చి నాటడంలో గెలుపు ఎంత పెద్దదో, ఓటమీ అంతే పెద్దది. గెలుపుకు ఉదాహరణ ‘ఓల్డ్‌బాయ్’. గారోన్ త్సుచియా రాయగా నొబుఅకి మినెగిషి గీసిన ఆ మాంగా 8 సంపుటాల చిన్న కథ. కారణం తెలియకుండా ఏళ్ల తరబడి ఒక గదిలో బందీగా ఉండి, ఒకరోజు బయటకు వదిలిన మనిషి, తనను ఎవరు, ఎందుకు బంధించారో వెతుకుతాడు. కొరియా దర్శకుడు పార్క్ చాన్‌వుక్ 2003లో దానిని టోక్యో నుంచి కొరియాకు మార్చాడు. మాంగాలో పదేళ్లుగా ఉన్న నిర్బంధాన్ని పదిహేనేళ్లు చేశాడు, అంతకంటే పెద్ద సాహసంగా ఆ నిర్బంధానికి కారణాన్నే మార్చివేశాడు. 2004లో కాన్ చలనచిత్రోత్సవంలో ఆ సినిమాకు గ్రాండ్ ప్రి అవార్డు వచ్చింది. మార్చకుండా ఉంచింది ఒక్కటే, ‘నన్ను ఎందుకు బంధించారు?’ అన్న ప్రశ్న. ఆ సినిమాలో నడవలో జరిగే పోరాటాన్ని కెమెరా పక్కనుంచి, మధ్యలో కోత లేకుండా, ఎడమకూ కుడికీ జరుగుతూ చూపిస్తుంది. అది చూసిన ప్రతిసారీ నాకు విప్పుతున్న పటమే గుర్తుకు వస్తుంది. మాంగా దృశ్యభాషను సినిమా ఇంత గౌరవంగా అందుకున్న సందర్భాలు తక్కువ.

ఓటమికి ఉదాహరణ ‘డెత్ నోట్’ అమెరికన్ రూపం. త్సుగుమి ఓబా రచన, తకెషి ఒబాత చిత్రాలతో 2003 నుంచి 2006 వరకు వచ్చిన ఆ మాంగాలో, ఎవరి పేరు రాస్తే వారు చనిపోయే ఒక పుస్తకం తెలివైన విద్యార్థి చేతికి చిక్కుతుంది. రాసేటప్పుడు ఆ మనిషి ముఖం మనసులో మెదలాలి, రాసిన పేరు అసలు పేరై ఉండాలి. నేరస్థులను తుదముట్టిస్తే లోకం బాగుపడుతుందని నమ్మిన ఆ కుర్రవాడి చల్లని అహంకారమే కథకు ఆయువుపట్టు. 2017లో వచ్చిన అమెరికన్ సినిమా కథను సియాటిల్‌కు మార్చింది. ఆ మార్పులో తప్పు లేదు. కానీ ఆ పుస్తకం వెంట వచ్చే మృత్యుదేవతను చూడగానే బెంబేలెత్తి అరిచే, పరిస్థితులకు కొట్టుకుపోయే పిల్లవాడిగా నాయకుణ్ణి మార్చింది. ఊరు మారినా కథ బతికేది, మనిషి మారేసరికి పోయింది. 2009లో వచ్చిన ‘డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్’ కూడా అలాగే, అడవిలో పెరిగిన అమాయకుడైన నాయకుడు గోకును అమెరికన్ పాఠశాల విద్యార్థిగా మార్చింది. దాని స్క్రీన్‌ప్లే రచయిత 2016లో అభిమానులకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. స్థలం, కాలం, పేర్లు, చివరికి కారణాలు కూడా మార్చవచ్చు. నాయకుడి స్వభావాన్నీ, కథ అడిగే ప్రశ్ననూ మార్చకూడదు. ఇవి రెండూ మార్చాలనిపిస్తే, మీ మనసు ఆ మాంగాను విడిచి ఇంకో కథను కోరుతోందని గుర్తించండి.

మార్పిడి కేవలం ఊరిపేర్లు మార్చడంతో ఆగకూడదు. మన జీవితంలో ఉన్న ఏదో ఒక నిజం ఆ కథలోకి వెళ్లి దానిని మునుపటికంటే బలంగా నడిపించాలి. పేరు రాస్తే చనిపోయే పుస్తకం లాంటి కథనే తీసుకుందాం. మునుగోడు వైపు ఒక ఊరిలో ఆ కథ జరిగితే అసలు పేరు అంటే ఏది? బడి రిజిస్టరులో ఒక పేరు, ఆధార్ కార్డులో ఇంకో అక్షరక్రమం, ఇంటిపేరు ముందా వెనుకా అన్న గందరగోళం, ఊరంతా పిలిచే పేరు ఇంకొకటి. ముత్తాత పేరు పెట్టుకున్న మనవలు ఒకే వాడకట్టులో నలుగురు ఉంటారు, వాళ్లను పెద్ద యాదయ్య, చిన్న యాదయ్య అని విడదీసి పిలుస్తారు. మూలకథలో నాయకుణ్ణి వెతికే డిటెక్టివ్ తన అసలు పేరు దాచుకోవడం మీద నడిచే ఎత్తుపైఎత్తుల ఆట, మన ఊరిలో ఎవరూ ప్రత్యేకంగా దాచనవసరం లేకుండానే మొదలవుతుంది. పక్కింటివాడి అసలు పేరు తెలుసుకోవడానికి నాయకుడు రేషన్ కార్డునో, గుడి చందా రసీదునో, పెళ్లి శుభలేఖనో వెతకవలసి వస్తుంది. ఇది జపాన్ కథలో లేనిది, అమెరికన్ సినిమాకు దొరకనిది, మనకు ఉచితంగా ఉన్నది.

మృత్యుదేవత సంగతి కూడా అలాంటిదే. 2006లో వచ్చిన జపాన్ ‘డెత్ నోట్’ సినిమాలలో ఆ పాత్రను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేశారు. మన యువకుల చేతిలో అంత ధనం ఉండదు. నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూసినవారికి, నీడ ఒక పాత్ర కాగలదని వేరే చెప్పనక్కరలేదు. ఎదురుగా ఏ ఒక్క స్తంభమూ కనిపించకపోయినా నీడ మాత్రం ఉంటుంది. ముందున్న స్తంభాల మీదుగా వచ్చే వెలుతురును అంత లెక్కగా మలిచారు మన శిల్పులు. మనిషి లేని చోట నిలిచిన నీడ, ఒక మంచి గొంతు, ఈ రెండింటితో మృత్యుదేవతను చూపించగలిగితే, చౌకబారు గ్రాఫిక్స్ కంటే అది వందరెట్లు భయపెడుతుంది.

కెన్షిన్ లాంటి కథ మన నేలమీద ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు వెంటనే తోచేది 1951 తరువాతి నల్లగొండ జిల్లా. తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఆ సంవత్సరం అక్టోబరులో విరమించారు. దళంలో పనిచేసిన మనిషి ఒకడు తుపాకి దించి, తాను ఎవరి కోసం పోరాడాడో వారి మధ్యకే పేరు మార్చుకుని తిరిగి వస్తే, పాత పగలు, కొత్త అధికారులు, తన చేతిలో పోయినవారి పిల్లలు ఎదురైతే అతను ఏమి చేస్తాడు? ఈ ఆలోచన ఇంతవరకు వచ్చేసరికి, ఇందులో మాంగా నుంచి మిగిలినది ఒక ప్రశ్న మాత్రమేనని గమనించండి. పాత్రలు, సంఘటనలు, సంభాషణలు అన్నీ మీవే అవుతాయి. అక్కడ చట్టం కూడా వేరేగా మాట్లాడుతుంది, ఆ సంగతి తరువాత చెబుతాను.

సినిమానా, సిరీస్‌నా

ఈ ఎంపికను చాలామంది నిర్మాత దొరికిన తరువాత చేయవచ్చనుకుంటారు. నిజానికి మూలం పొడవే దీనిని నిర్ణయిస్తుంది. వారపత్రికలో వచ్చే మాంగా ప్రతి ఇరవై పేజీలకు ఒకసారి చదువరిని ఉత్కంఠలో వదిలేలా కట్టబడి ఉంటుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు అలాంటి పెద్ద మలుపు ఒక్కటే, విరామం దగ్గర ఇమడుతుంది. పదిహేను మలుపులను వరుసగా పేర్చితే ప్రేక్షకుడు దేనినీ పెద్దదిగా భావించడు.

‘అటాక్ ఆన్ టైటన్’ మాంగా 2009లో మొదలై 2021లో 34 సంపుటాలతో ముగిసింది. కథ ఇంకా నడుస్తుండగానే 2015లో రెండు జపాన్ సినిమాలు తీశారు, ఒక్కొక్కటి గంటన్నర అటూ ఇటూ. యూరప్‌ను పోలిన లోకాన్ని జపాన్‌గా మార్చి, అభిమానులు ఎంతో ప్రేమించిన లీవై పాత్రను తొలగించి, ఇంకో పాత్రను పెట్టారు. ప్రాణభయంతో గోడల మధ్య బతికే మనుషుల గురించి మాంగా ఓపికగా కట్టిన లోకం ఆ తక్కువ నిడివిలో పట్టలేదు. ఇందుకు భిన్నంగా సముద్రపు దొంగల కథ ‘వన్ పీస్’ సిరీస్‌గా వచ్చింది, 8 భాగాల మొదటి సీజన్ 2023 ఆగస్టు 31న విడుదలైంది. 1997 నుంచి ఇప్పటికీ సాగుతూ నూరు సంపుటాలు దాటిన మాంగాలో, మొదటి సముద్రప్రాంతపు కథను మాత్రమే తీసుకుని, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో నిజమైన ఓడల సెట్లు వేసి తీశారు. మూలరచయిత ఎయిచిరో ఓదా స్వయంగా ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఉన్నాడు. నాయకుడి రబ్బరులా సాగే చెయ్యి తెరమీద నవ్వులపాలయ్యే ప్రమాదం ఉన్నా, ఓడలోని ఐదుగురి మధ్య స్నేహం ముందుగా నాటుకున్నందువల్ల ప్రేక్షకులు ఆ చేతిని అంగీకరించారు. ఆ స్నేహం నాటుకోవడానికి ఎనిమిది భాగాల సమయం కావలసివచ్చింది.

ఈ రెంటికీ మధ్యలో ఇంకో మార్గం ఉంది. 2006లో ‘డెత్ నోట్’ను జపాన్‌లో రెండు సినిమాలుగా, ఐదు నెలల తేడాలో విడుదల చేశారు. మాంగా రెండో సగంలో వచ్చే కొత్త ప్రత్యర్థులను పూర్తిగా వదిలేసి, మొదటి ఇద్దరు ప్రత్యర్థుల పోటీతోనే కథ ముగిసేలా చివరను మార్చారు. నా దృష్టిలో ఆ కోత చాలా వివేకమైనది. మీరు ఎంచుకున్న మాంగా పది సంపుటాల లోపు ఉంటే సినిమా గురించి ఆలోచించండి. ఇరవై దాటితే సిరీస్ గురించి, లేదా అందులో తానుగా నిలబడే ఒక్క ఉపకథ గురించి ఆలోచించండి. ఆ ఒక్క ఉపకథను విడదీయడం కుదరకపోతే, చిన్న బృందాలు ఆ మాంగాను పక్కన పెట్టడమే మేలు.

హక్కుల మాట

ఇక్కడ కొంచెం కఠినంగా చెప్పక తప్పదు. ‘మనది చిన్న సినిమా, యూట్యూబ్‌లో పెడతాం, డబ్బు తీసుకోము, కాబట్టి అనుమతి అక్కరలేదు’ అన్న మాట తప్పు. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఒక రచనను ఇంకో రూపంలోకి మార్చే హక్కు కర్తదే. ఒక దేశపు రచనకు ఇంకో దేశంలోనూ రక్షణ ఇచ్చే బెర్న్ ఒప్పందంలో భారతదేశం, జపాన్ రెండూ ఉన్నందున జపాన్ రచయితకు ఇక్కడ కూడా ఆ రక్షణ ఉంటుంది. మన దేశంలో ఆ రక్షణ కర్త జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ ఉంటుంది. ఆధునిక మాంగాకు పెద్దదిక్కు అనదగిన ఒసాము తెజుకా 1989లో కన్నుమూశాడు, ఆయన రచనలకు కూడా 2049 చివరి వరకు ఇక్కడ రక్షణ ఉన్నట్టే. అంటే మీరు చదివి ప్రేమించిన మాంగాలన్నీ హక్కులున్నవే.

అనుమతి అడగదలిస్తే మూల ప్రచురణ సంస్థను సంప్రదించాలి. రురౌనీ కెన్షిన్, డెత్ నోట్, వన్ పీస్ షూయిషా సంస్థవి, అటాక్ ఆన్ టైటన్ కోదాన్షా సంస్థది. ఒప్పందం తప్పక రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం, కాలపరిమితి రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే వర్తించేదిగా లెక్కిస్తారు. వేరే షరతు లేకపోతే, బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వినియోగించుకోనప్పుడు అది రద్దయినట్టే. విదేశాల్లోని తెలుగువారికి కూడా సినిమా చూపించాలనుకునేవారు ప్రాంతం అన్న గడిని ఖాళీగా వదిలిపెట్టకూడదు. 57వ సెక్షన్ కింద, హక్కులు అమ్ముకున్న తరువాత కూడా తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే అధికారం కర్తకు ఉంటుంది. కథానాయకుడి స్వభావం మార్చవద్దని పైన నేను చెప్పిన మాటకు ఇది చట్టం వైపు నుంచి వచ్చే బలం.

ఆలోచనకు మాత్రం ఎవరూ యజమానులు కారు. ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిలిమ్స్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఇతివృత్తానికి, ఆలోచనకు, చారిత్రక విషయానికి కాపీరైట్ ఉండదు, దానిని కర్త వ్యక్తీకరించిన తీరుకే ఉంటుంది. ‘హింసను వదిలిన యోధుడు తన పాత ఊరికి వస్తాడు’ అన్నది ఎవరి సొత్తూ కాదు. పదును లోపలివైపు ఉన్న కత్తి, చెంప మీద శిలువ ఆకారంలో ఉన్న గాటు, ఫలానా వరుసలో వచ్చే శత్రువులు మాత్రం వాత్సుకివి. సరిహద్దు ఎక్కడుందో అనుమానం వస్తే చిత్రీకరణకు ముందే న్యాయవాదిని అడగండి. నల్లగొండ నుంచి వచ్చిన ఒక బృందం ఏడాది కష్టపడి తీసిన లఘుచిత్రాన్ని ఈ ఒక్క కారణంగా ఎవరికీ చూపించలేకపోవడం నేను చూశాను, ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ మరవలేను.

మాటా, చోటూ

మార్చి నాటే దారిని ఎంచుకున్నవారికి ఒక పెద్ద అనుకూలత మన భాషలో ఉంది. కెన్షిన్ తనను తాను ‘సెష్షా’ అని, వాక్యం చివర ‘దె గొజారు’ అని పాతకాలపు వినయంతో మాట్లాడతాడు. ఇంగ్లీషులో ఆ అంతరం నిలవదు. తెలుగులో నువ్వు, మీరు, తమరు అన్న మెట్లు ఉన్నాయి, అన్నా, అక్కా, పటేలా అన్న పిలుపులు ఉన్నాయి. ఒక పాత్ర ఎప్పటినుంచో ‘మీరు’ అంటూ వచ్చి, గొడవ మధ్యలో మొదటిసారి ‘నువ్వు’ అంటే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. యాసను కూడా తూచి వాడండి. సూర్యాపేట వైపు మాటా, గద్వాల, ఆలంపూర్ వైపు మాటా ఒక్కటి కాదు. ఆలంపూర్ వైపు వెళ్లేకొద్దీ కర్నూలు, రాయచూరు గాలి సోకుతుంది. పాత్రలందరికీ ఒకే తెలంగాణ యాస పులిమితే, మాంగాలో ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు ఉన్న అందం పోతుంది.

చిత్రీకరణ స్థలాల గురించి క్లుప్తంగా చెబుతాను. భువనగిరి ఏకశిల కోట ఎత్తును చూపిస్తుంది గానీ సామాను మోయడం కష్టం. దేవరకొండ కోట శిథిలాలలో పోరాట సన్నివేశాలకు లోతు దొరుకుతుంది. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో అటవీశాఖ అనుమతి లేకుండా కెమెరా తీయకండి, రక్షిత కట్టడాల దగ్గర పురావస్తుశాఖ అనుమతి కూడా అంతే అవసరం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడల మధ్య పోరాటం తీయాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మ విరిగినప్పుడు, 2018లో సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి కాపాడుకున్నారు. దాని కొమ్మలకు స్టంట్ తీగలు కట్టే ఆలోచనను దయచేసి మొగ్గలోనే తుంచండి.

ఎవరికి ఏది

నిర్మాణ సంస్థ వెనుక ఉండి, హక్కులు కొనగల స్థోమత ఉన్న దర్శకుడైతే, ఎనిమిది పది సంపుటాలలో ముగిసిన, ఒక బలమైన ప్రశ్న మీద నడిచే మాంగాను ఎంచుకుని మన నేలకు మార్చి సినిమాగా తీయడం ఉత్తమం. పొడవైన సాహసగాథ మీదే మనసుంటే సిరీస్ తప్ప వేరే దారి లేదు, అందులోనూ మూలరచయితను మొదటినుంచీ పనిలో భాగం చేసుకోవాలి. విచిత్రమైన ఆకారాలూ, సాగే ముఖాలూ, గీతలోనే పుట్టే హాస్యమూ ప్రాణంగా ఉన్న మాంగాను యానిమేషన్‌కు వదిలేయండి. 2019లో వచ్చిన ‘అలీటా’ సినిమా నాయిక కళ్లను మాంగాలోలా పెద్దవిగా చూపడానికి ఎంత యంత్రాంగం కావలసివచ్చిందో చూస్తే, ఆ దారి ఎవరిదో తెలుస్తుంది.

ఇక చేతిలో ఒక కెమెరా, నలుగురు మిత్రులు, సెలవుదినాలు మాత్రమే ఉన్నవారికి నా సలహా సొంత కథ దారి. మాంగా నుంచి గడి కూర్పునూ, మౌనాన్నీ, మలుపు దగ్గర ఆగే పద్ధతినీ నేర్చుకుని సొంత కథ రాయండి. కథ రాశాక వెంటనే మొత్తం తీయవద్దు. మూడు నిమిషాల సన్నివేశం ఒక్కటి ఎంచుకుని, దానిని ముందుగా పన్నెండు గడులుగా కాగితం మీద గీయండి, బొమ్మలు బాగా రాకపోయినా ఫరవాలేదు. ఆ పన్నెండింటినీ నేలమీద పరిచి, ఏ గడి తీసేసినా కథ అర్థమవుతోందో చూసి దానిని తీసేయండి. మిగిలినవాటిని ఒక ఆదివారం ఉదయం, విగ్గులూ ప్రత్యేక దుస్తులూ లేకుండా, మామూలు చొక్కాలతో, మీ ఇంటి వాకిట్లోనే చిత్రీకరించి, మొదట కథ చెప్పిన ఆ ఇంటి పెద్దకే మళ్లీ చూపించండి.